ఒక గొలుసు, ఎన్నో చరిత్రలు

గ్లుటామిక్ ఆమ్లం అన్న పేరు గోధుమ పిండిలోంచి పుట్టింది. పిండి ముద్దను నీళ్లలో పిసుకుతూ పోతే గంజి అంతా నీళ్లలోకి పోయి, చివరికి చేతిలో రబ్బరులా సాగే ముద్ద ఒకటి మిగులుతుంది. దాన్ని గ్లూటెన్ అంటారు. 1866లో జర్మనీకి చెందిన కార్ల్ హైన్‌రిహ్ రిట్‌హౌజెన్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ గ్లూటెన్‌ను గంధకామ్లంతో విడగొట్టి ఒక కొత్త అమైనో ఆమ్లాన్ని తీశాడు. గ్లూటెన్ నుంచి వచ్చింది కాబట్టి గ్లుటామిక్ ఆమ్లం అన్నారు. 1908లో జపాన్‌లో కికునాయె ఇకెడా అనే ప్రొఫెసర్, కొంబు అనే సముద్రపు నాచుతో కాచిన చారుకు ఆ ప్రత్యేకమైన రుచి ఎక్కడి నుంచి వస్తుందా అని వెతికితే ఇదే పదార్థం దొరికింది. దాని ఉప్పునే మరుసటి ఏడాది నుంచి అజినొమోటో పేరుతో అమ్మారు. చైనీస్ బండి దగ్గర నూడుల్స్ మీద చల్లే తెల్ల పొడి అదే.

ఇంతవరకు చెప్పింది ఒంటి ముత్యం గురించి. ఈ ముత్యాలను దారానికి గుచ్చినట్టు వరసగా కలిపితే ఏమవుతుంది అన్నదే నా వ్యాసం. ఆ దండను పాలీగ్లుటామిక్ ఆమ్లం అంటారు. మన పత్రికలో చరిత్ర శీర్షిక కింద ఇది ఎందుకు అని మీరు అడగొచ్చు. మన బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్, ఫోలిక్ యాసిడ్ గోలీ వెనుక ఈ గొలుసు చరిత్ర ఉంది. ఆ చరిత్రలో పశువుల రోగం ఉంది, బొంబాయి మిల్లు కార్మికుల ఇళ్లలోని గర్భిణులు ఉన్నారు, భీమవరంలో పుట్టిన ఒక తెలుగు మనిషి ఉన్నాడు. రాజుల చరిత్ర చదివినట్టే ఇదీ చదవాలని నాకు అనిపించింది.

గొలుసు సంగతి

ముందు కాస్త రసాయన శాస్త్రం. ఒక్క గ్లుటామిక్ ఆమ్లం అణువుకు ఒక అమైనో సమూహం, రెండు కార్బాక్సిల్ సమూహాలు ఉంటాయి. మనిషికి ఒక ఎడమ చెయ్యి, రెండు కుడి చేతులు ఉన్నాయనుకోండి. పక్కవాడి ఎడమ చేతిని పట్టుకోవడానికి ఒక కుడి చెయ్యి చాలు. రెండో కుడి చెయ్యి ఖాళీగా వేలాడుతుంటుంది. ఆ ఖాళీ చెయ్యే ఈ కథలో ముఖ్యం. మామూలు నీళ్లలో, మన రక్తంలో ఆ కార్బాక్సిల్ సమూహం తన హైడ్రోజన్ అయాన్‌ను వదిలేసి ఋణావేశంతో నిలబడుతుంది. వంద ముత్యాల గొలుసు అయితే వంద ఋణావేశాలు.

ఆవేశాలు ఉన్నందువల్ల మూడు గుణాలు వస్తాయి. ఒకటి, ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి కాబట్టి గొలుసు ముడుచుకోక విచ్చుకుంటుంది. రెండు, నీటి అణువులు చుట్టూ చేరతాయి కాబట్టి అది చాలా నీళ్లు పట్టుకుంటుంది, జిగురుగా మారుతుంది. మూడు, కాల్షియం లాంటి ధనావేశం ఉన్న లోహ అయాన్లు దానికి అతుక్కుంటాయి. ఈ మూడు గుణాలు గుర్తుంచుకుంటే మిగతా కథంతా సులభంగా అర్థమవుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. రెండు కుడి చేతుల్లో ఏ చేత్తో పట్టుకున్నాడు అన్నదాన్ని బట్టి గొలుసు రెండు రకాలు. మన శరీరంలోని ప్రోటీన్లన్నీ ఆల్ఫా అనే చేతితో పట్టుకున్నవి. ఇంకో చేతితో, అంటే గామా చేతితో పట్టుకున్న గొలుసులూ ఉన్నాయి. ప్రోటీన్లను కోసే మామూలు ఎంజైమ్‌లకు ఈ గామా ముడి విప్పడం రాదు. తాళం అదే అయినా తాళంచెవి వేరు అన్నమాట.

దొమ్మరోగపు తొడుగు

ఆంత్రాక్స్‌ను మన పల్లెల్లో దొమ్మరోగం అంటారు. పశువు ఉన్నట్టుండి పడిపోయి చచ్చిపోతుంది. ఆ కళేబరాన్ని కోసినవాళ్లకు, మాంసం తిన్నవాళ్లకు కూడా సోకుతుంది. ఒడిశాలోని కోరాపుట్ వైపు, విశాఖ మన్యంలో ఇప్పటికీ అప్పుడప్పుడు ఈ వార్తలు వస్తుంటాయి. 1876లో రాబర్ట్ కోహ్ ఈ రోగానికి ఒక బాక్టీరియానే కారణమని నిరూపించాడు. ఒక రోగానికి ఫలానా సూక్ష్మజీవి కారణం అని గట్టిగా చూపించిన తొలి ఉదాహరణల్లో అది ఒకటి. 1881లో లూయీ పాశ్చర్ గొర్రెలకు దీని టీకా వేసి అందరి ముందూ ప్రయోగం చేసి చూపించాడు.

కానీ ఈ బాక్టీరియా మన తెల్ల రక్తకణాల నుంచి ఎలా తప్పించుకుంటుంది? సూక్ష్మదర్శినిలో చూస్తే దాని చుట్టూ ఒక తొడుగు కనబడేది. చాలా బాక్టీరియాల తొడుగులు చక్కెర గొలుసులతో అల్లినవి. ఇది మాత్రం వేరు. 1937లో హంగేరీకి చెందిన గ్యోర్గ్ ఇవానోవిచ్, గ్యోజో బ్రుక్నర్ ఆ తొడుగు గ్లుటామిక్ ఆమ్లపు గొలుసు అని కనుక్కున్నారు. అందులోనూ ఒక వింత. మన ప్రోటీన్లలో ఉండేది ఎల్ రకం. ఈ తొడుగులో ఉన్నది డీ రకం. ఎడమ కాలి చెప్పుకూ కుడి కాలి చెప్పుకూ ఉన్న తేడా లాంటిది అది. పైగా గామా ముడి. గామా ముడి అని రుజువు చేయడానికి బ్రుక్నర్ బృందానికి తర్వాత చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు ఆ తొడుగు ఎంత తెలివైనదో చూడండి. మన శరీరంలోని ఎంజైమ్‌లు దాన్ని కోయలేవు. అంతటా ఋణావేశం ఉండటం వల్ల తెల్ల రక్తకణం దాన్ని సరిగా పట్టి మింగలేదు. మన రోగనిరోధక వ్యవస్థ కూడా దాన్ని శత్రువుగా తొందరగా గుర్తించదు. దొంగ ఒంటికి నూనె రాసుకుని వచ్చినట్టే.

అదే 1937లో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ అనే పశువైద్య శాస్త్రవేత్త తొడుగు లేని ఆంత్రాక్స్ బాక్టీరియా రకంతో తయారుచేసిన టీకా గురించి ప్రకటించాడు. తొడుగు పోయిన బాక్టీరియా పశువును చంపలేదు, కానీ దాని శరీరానికి రోగాన్ని ఎదిరించడం నేర్పుతుంది. ఆ రకం నుంచి వచ్చిన టీకానే నేటికీ మన దేశంలోనూ పశువులకు వేస్తున్నారు. ఒకరు గొలుసు ఏమిటో కనుక్కున్న ఏడాదే, ఇంకొకరు గొలుసు తీసేస్తే ఏమవుతుందో చూపించారు. వీళ్లు వేర్వేరు ఖండాల్లో పనిచేశారు. చరిత్రలో ఇలాంటివి చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

నాట్టో తీగలు

అదే గొలుసు ఇంకో దేశంలో తిండి. జపాన్‌లో ఉడికించిన సోయా గింజలను పులియబెట్టి నాట్టో అనే వంటకం చేస్తారు. చాప్‌స్టిక్స్‌తో పైకి ఎత్తితే సాలెగూడులా సన్నని తీగలు సాగుతాయి. ఆ జిగురులో ముఖ్యమైనది పాలీగ్లుటామిక్ ఆమ్లమే. దాన్ని తయారుచేసేది బాసిల్లస్ సబ్టిలిస్. వరిగడ్డిలో, మట్టిలో మామూలుగా ఉండే బాక్టీరియా అది. ఆంత్రాక్స్ బాక్టీరియాకు ఇది చుట్టమే, ఇద్దరిదీ బాసిల్లస్ అనే ఇంటిపేరు. 1942లో బోవర్నిక్ అనే శాస్త్రవేత్త ఈ బాక్టీరియా తాను పెరిగే ద్రవంలోకే ఈ గొలుసును వదులుతుందని రాశాడు. ఆంత్రాక్స్ బాక్టీరియా తన గొలుసును ఒంటికి అతికించుకుంటుంది, నాట్టో బాక్టీరియా బయటికి వదిలేస్తుంది. ఒకటి ప్రాణం తీసే రోగంలో కవచం, ఇంకొకటి పొద్దుటి అన్నంలోకి కూర.

ఇది జపాన్‌కే పరిమితం కాదు. మన దేశంలో సిక్కిం, డార్జిలింగ్ వైపు కినెమా, మణిపూర్‌లో హవాయిజార్, నాగాలాండ్‌లో అఖుని, మేఘాలయలో తుంగ్రింబాయి అని ఇదే జాతి బాక్టీరియాతో పులిసిన సోయా వంటకాలు ఉన్నాయి. అక్కడి అమ్మలు, అమ్మమ్మలు ఏ ప్రయోగశాలా లేకుండా ఆకుల్లో చుట్టి, పొయ్యి పక్కన పెట్టి ఈ పని తరతరాలుగా చేస్తున్నారు.

మనుషులు అల్లిన గొలుసులు

బాక్టీరియా చేసే పనిని మనుషులు చేయగలరా? 1940లలో జెరూసలేంలో ఎఫ్రాయిమ్ కచాల్స్కీ అనే యువకుడు లైసిన్ అనే అమైనో ఆమ్లంతో గొలుసు తయారుచేశాడు. లైసిన్‌లో మిగిలిపోయే చెయ్యి అమైనో సమూహం కాబట్టి పాలీలైసిన్‌కు ధనావేశం ఉంటుంది. పాలీగ్లుటామిక్ ఆమ్లానికి ఇది సరిగ్గా తిరగబడిన తోబుట్టువు. అసలు ప్రోటీన్లు చాలా చిక్కుగా ఉంటాయి, ముందు ఒకే రకం ముత్యంతో చేసిన గొలుసును అర్థం చేసుకుంటే ప్రోటీన్లు అర్థమవుతాయి అన్నది ఆయన ఆలోచన. తర్వాత ఆయన కత్సీర్ అని ఇంటిపేరు మార్చుకుని 1973లో ఇజ్రాయెల్ దేశానికి అధ్యక్షుడయ్యాడు.

పాలీలైసిన్‌ను ఇప్పుడు ప్రయోగశాలల్లో గాజు పలకలకు పూస్తారు. కణాల పైపొరకు ఋణావేశం ఉంటుంది కాబట్టి అవి దానికి చక్కగా అతుక్కుంటాయి. జపాన్‌లో షిమా, సకాయ్ అనే ఇద్దరు 1977లో ఒక బాక్టీరియా చేసే ఇంకోరకం పాలీలైసిన్ గురించి రాశారు. అది సూక్ష్మజీవులను పెరగనివ్వదు కాబట్టి అక్కడ వండిన ఆహారం పాడవకుండా కలుపుతారు.

అమెరికాలోని హార్వర్డ్‌లో ఎల్కన్ బ్లౌట్, పాల్ డోటీ బృందాలు 1950లలో పాలీగ్లుటామిక్ ఆమ్లంతో ఒక అందమైన ప్రయోగం చేశాయి. అందులో వాడింది ఆల్ఫా ముడి ఉన్న గొలుసు. ద్రవం పుల్లగా ఉన్నప్పుడు ఆవేశాలు పోతాయి, గొలుసు మెలిక తిరిగి స్ప్రింగులా చుట్టుకుంటుంది. పులుపు తగ్గించగానే ఆవేశాలు తిరిగొచ్చి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, స్ప్రింగు విడిపోతుంది. మళ్లీ పులుపు వేస్తే మళ్లీ చుట్టుకుంటుంది. 1951లో లైనస్ పౌలింగ్ బృందం ఊహించి గీసిన ఆల్ఫా హెలిక్స్‌ను ఇలా కట్టడం, విప్పడం శాస్త్రవేత్తల చేతికి వచ్చింది. మా సైన్స్ సారు దీన్ని చెప్పినప్పుడు లిట్మస్ కాగితం గుర్తొచ్చింది. అక్కడ రంగు మారుతుంది, ఇక్కడ ఆకారమే మారుతుంది.

బొంబాయి మిల్లు కార్మికుల ఇళ్లలో

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయికి వచ్చింది. నూలు మిల్లుల్లో బతుకుతున్న పేద కుటుంబాల్లో గర్భిణులు ఒక తీవ్రమైన రక్తహీనతతో చనిపోతున్నారు. వాళ్ల రక్తంలో ఎర్ర కణాలు తక్కువగా ఉండటమే కాదు, ఉన్నవి మామూలు కంటే పెద్దగా ఉండేవి. ఇది సూక్ష్మజీవి వల్ల వచ్చేది కాదని, తిండిలో ఏదో లోపమని ఆమె గమనించింది. వాళ్లు ఏం తింటున్నారో ఇళ్లకు వెళ్లి రాసుకుంది. ఎలుకల మీద, కోతుల మీద పరీక్షలు చేసింది. చివరికి మార్మైట్ అనే చవకైన ఈస్ట్ పదార్థం ఇస్తే రోగులు కోలుకోవడం చూసింది. 1931లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఈస్ట్‌లో ఉన్న ఆ తెలియని పదార్థాన్ని చాలా ఏళ్లు విల్స్ ఫ్యాక్టర్ అనే పిలిచారు. ఆమె వ్యాసాల్లో మెహతా, తల్పడే అన్న భారతీయ సహరచయితల పేర్లు కూడా ఉన్నాయి. ఆ గర్భిణుల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

మన సోలాపూర్ కూడా మిల్లుల ఊరే. మన తాతముత్తాతల్లో చాలామంది మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి ఇక్కడికి వచ్చినవాళ్లే. అందుకే ఈ భాగం చదివినప్పుడు అది ఎవరి కథో అనిపించలేదు. మా నాయనమ్మ యాభై ఏళ్లు బీడీలు చుట్టింది. ఆమెను అడిగితే ఇట్లా చెప్పింది: “మా దినాలల్ల కడుపుతోని ఉన్నామె మొఖం పాలిపోతే దిష్టి తగిలిందనేటోళ్లు. ఉప్పు మిరపకాయలు తిప్పి పోసేటోళ్లు. దవాఖానకు ఎవలు పోయేటోళ్లు బిడ్డా? పోతే ఆ దినం కూలి పోయే.” ఆమె మాటల్లో నాకు చరిత్ర పుస్తకంలో లేని చరిత్ర వినబడింది.

ఒక ముత్యం, మూడు, ఏడు

1941లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే ముగ్గురు నాలుగు టన్నుల పాలకూరను పిండి ఒక పదార్థాన్ని తీశారు. లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు కాబట్టి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. విల్స్ ఫ్యాక్టర్, ఫోలిక్ ఆమ్లం ఒకటేనని తర్వాత తేలింది. అయితే ఒక చిక్కు వచ్చింది. ఒక్కొక్కరు ఒక్కో చోటి నుంచి తీసిన పదార్థం ఒక్కోలా ప్రవర్తిస్తోంది. ఎందుకు?

ఈ చిక్కు విప్పినవాళ్లలో ముందుండేది న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే చోట ఉన్న లెడర్లీ ప్రయోగశాల. అక్కడ పరిశోధనలకు నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. ఖద్దరు కట్టినందుకు పై అధికారికి కోపం వచ్చి, ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి పట్టా దక్కిందని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. స్ప్రూ అనే పేగుల వ్యాధి ఆయన ఇంట్లో అన్నదమ్ముల ప్రాణం తీసింది, ఆయననూ పట్టుకుంది. తిన్న తిండి ఒంటపట్టక మనిషి పాలిపోయి చిక్కిపోయే రోగం అది. 1922లో ఆయన అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని, కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని కనుక్కున్నారు. 1940లో లెడర్లీకి మారారు.

ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసినట్టు ప్రకటించింది. ఆ అణువుకు మూడు భాగాలు. టెరిడీన్ అనే ఉంగరాల జంట, మధ్యలో ఒక చిన్న అమ్లం, చివర గ్లుటామిక్ ఆమ్లం. చిక్కు అంతా ఆ చివరి భాగంలోనే ఉంది. కొన్ని బాక్టీరియాల నుంచి తీసినదానికి ఒకటి కాదు, మూడు గ్లుటామిక్ ఆమ్లాలు వరసగా ఉన్నాయి. ఈస్ట్ నుంచి ఇంకో బృందం తీసినదానికి ఏడు ఉన్నాయి. లెడర్లీ వాళ్లు మూడు ముత్యాల అణువును తయారుచేసి, ఆ ముడి గామా ముడి అని చూపించారు. అంటే దొమ్మరోగపు తొడుగులో, నాట్టో జిగురులో ఉన్న ముడే మన ఆకుకూరల్లోని విటమిన్ తోకలోనూ ఉంది!

ప్రకృతి ఆ తోకను ఎందుకు పెట్టింది? ఇక్కడ ఆవేశం పనికొస్తుంది. కణత్వచం కొవ్వు పొర. ఆవేశం ఉన్న అణువు దాన్ని దాటలేదు. ఒక్క ముత్యం ఉన్న ఫోలేట్ ప్రత్యేకమైన ద్వారాల గుండా కణంలోకి వస్తుంది. లోపలికి రాగానే ఒక ఎంజైమ్ దానికి ఇంకా ముత్యాలు గుచ్చుతుంది. ఋణావేశాల తోక పెరిగిన తర్వాత అది బయటికి పోలేదు. ఇంట్లోకి వచ్చిన చుట్టానికి బరువైన మూటలు చేతిలో పెట్టి కదలనివ్వకుండా చేసినట్టు. ఆకుకూర, పప్పు తిన్నప్పుడు ఇదే తిరగబడి జరుగుతుంది. మన పేగులోని ఎంజైమ్ ముందు తోక ముత్యాలను ఒక్కొక్కటే కోసి, చివరి ఒక్కటి మిగిలాక లోపలికి పంపుతుంది. గోలీలో ఉన్న ఫోలిక్ ఆమ్లానికి మొదటి నుంచే ఒక్క ముత్యం కాబట్టి అది సులభంగా ఒంటికి పడుతుంది.

లోపల చిక్కే మందు

ఫోలేట్ లేకుంటే కణం డీఎన్‌ఏ తయారుచేయలేదు. అందుకే వేగంగా పెరిగే రక్తకణాలకు అది ముందు కావాలి. క్యాన్సర్ కణాలకూ అంతే. బోస్టన్‌లో పిల్లల ఆసుపత్రి డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లెడర్లీ నుంచి వచ్చిన మూడు ముత్యాల ఫోలేట్‌ను రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూశాడు. రోగం తగ్గలేదు సరికదా, ఇంకా వేగంగా పెరిగినట్టు కనబడింది. అయితే ఫోలేట్‌ను అడ్డుకుంటే? సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లంలా కనిపిస్తూ దాని పని చెడగొట్టే అమినోప్టెరిన్ అనే అణువును ఇచ్చింది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు రాశాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి రోగం తగ్గుముఖం పట్టింది. అది కొంతకాలమే నిలిచింది. కానీ ఆ రోగానికి మందు అంటూ ఒకటి ఉండొచ్చని ప్రపంచానికి మొదటిసారి తెలిసింది. రెండు నెలలకే, 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు.

ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. 1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ దానితో గర్భసంచికి సంబంధించిన ఒక అరుదైన క్యాన్సర్‌ను పూర్తిగా నయం చేశారు. పిల్లల రక్త క్యాన్సర్‌కు నేటికీ అది వాడుతున్నారు. చిన్న మోతాదులో కీళ్లవాతానికీ ఇస్తారు. మా పెద్దమ్మ శనివారం శనివారం ఈ గోలీ వేసుకుంటుంది. మిగతా మందులన్నీ రోజూ వేసుకునేది, ఇది మాత్రం వారానికి ఒక్కసారే ఎందుకని నేను అడిగేదాన్ని. జవాబు ఈ గొలుసులోనే దొరికింది. మెథోట్రెక్సేట్ చివర కూడా గ్లుటామిక్ ఆమ్లం ఉంది. కణం దాన్ని ఫోలేట్ అనుకుని దానికీ ముత్యాల తోక గుచ్చుతుంది. మందు లోపల చిక్కుకుని చాలా రోజులు పనిచేస్తుంది. అందుకే పొరపాటున రోజూ వేసుకుంటే చాలా ప్రమాదం, ప్రాణం మీదికి రావచ్చు. మీ ఇంట్లో ఎవరైనా ఇది వాడుతుంటే చీటీ మీద వారం పేరు మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది, చదవడం రాని పెద్దవాళ్లకు మనమే చదివి చెప్పాలి.

మురికి నీళ్లు, మునగ గింజలు

ఈ గొలుసులకు ఇంకో మేలు కూడా ఉంది. మురికి నీళ్లలో తేలే సన్నని మట్టి రేణువులకు ఎక్కువగా ఋణావేశం ఉంటుంది. ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎంతసేపైనా అడుగుకు దిగవు. వాటిని కలిపే పదార్థం వేస్తే గుంపులుగా కట్టి అడుగున పేరుకుంటాయి. మనం పటిక వేసేది ఇందుకే. పల్లెల్లో మునగ గింజలు నూరి కలపడం కూడా ఉంది. మునగ గింజలో ఉన్న చిన్న ప్రోటీన్లకు ధనావేశం ఉంటుంది కాబట్టి మట్టి వాటికి అతుక్కుంటుంది. జపాన్‌లో నాట్టో జిగురులోని పాలీగ్లుటామిక్ ఆమ్లాన్ని కాల్షియం లవణాలతో కలిపి నీళ్లను తేర్చే పొడి తయారుచేశారు. బంగ్లాదేశ్ పల్లెల్లో దాన్ని వాడారు. ఇక్కడ కాల్షియం రెండు ఋణావేశాల మధ్య వంతెనలా నిలుస్తుంది. ఈ గొలుసు మట్టిలో తనంతట తానే కుళ్లిపోతుంది, ప్లాస్టిక్‌లా మిగిలిపోదు. నీళ్లు పట్టుకునే గుణం వల్ల ముఖానికి రాసే క్రీముల్లోనూ కలుపుతున్నారు. క్యాన్సర్ మందులను ఈ గొలుసుకు తగిలించి రోగి ఒంట్లోకి పంపే ప్రయత్నాలు కూడా జరిగాయి.

ఈ చరిత్ర మనకేం చెబుతుంది

1991లో బ్రిటన్ నుంచి ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. అంతకుముందు వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టిన తల్లులు మళ్లీ గర్భం దాల్చే ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం వేసుకుంటే, ఆ లోపం తిరిగి వచ్చే ప్రమాదం 72 శాతం తగ్గిందని అందులో తేలింది. బొంబాయిలో మొదలైన వెతుకులాట అరవై ఏళ్లకు అక్కడిదాకా వచ్చింది.

మన బడిలో నీలం గోలీ ఇచ్చే రోజు కొందరు దాన్ని నాలుక కింద పెట్టుకుని బయటికి వెళ్లి ఉమ్మేస్తారు. కడుపులో తిప్పుతుందని, ఆడపిల్లలకు అదేదో చేస్తుందని రకరకాలుగా చెప్పుకుంటారు. అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుందని మా టీచరమ్మ చెప్పింది. ఆ గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. 500 మైక్రోగ్రాములంటే అర మిల్లీగ్రాము. చిటికెడు ఉప్పులో ఒక రేణువు లాంటిది. ఆ రేణువు కోసం ఒక డాక్టరమ్మ సముద్రం దాటి ఇక్కడికి వచ్చింది, మన భాష మాట్లాడే ఒక మనిషి సముద్రం దాటి అక్కడికి వెళ్లి తిరిగి రాలేదు. ఈ రెండు ప్రయాణాల మధ్య పేరు తెలియని ఎందరో తల్లులు ఉన్నారు.

గోలీ ఒక్కటే చాలదు. మన ఇళ్లలో జొన్నరొట్టె, మెంతికూర, శేంగా చట్నీ, పెసరపప్పు ఉన్నాయి. వాటిలోనూ ఫోలేట్ ఉంది. ఆకుకూరను మరీ ఎక్కువసేపు ఉడికించి నీళ్లు పారబోస్తే అది కూడా పోతుంది. ఈ సంగతి ఇంట్లో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

గొలుసుకు మంచీ చెడూ తెలియవు. అదే ఋణావేశం రోగక్రిమికి తొడుగైంది, సోయా గింజకు జిగురైంది, విటమిన్‌ను కణంలో నిలిపింది, మందును కట్టిపడేసింది, మురికిని అడుగుకు దింపింది. దేనికి వాడాలో తేల్చింది మనుషులే. సుబ్బారావు గారి పేరు మీద 1995లో మన దేశం తపాలా బిళ్ల వేసింది. అది మంచిదే. కానీ వచ్చే వారం గోలీ చేతికి వచ్చినప్పుడు, అన్నం తిని, నీళ్లతో మింగేస్తే అది కూడా ఆయనకు, ఆ తల్లులకు మనం చేసే నమస్కారమే అని నా అభిప్రాయం.

— పదవ తరగతి విద్యార్థిని